అచ్చాయమ్మ దాచుకున్న ఏడుపు

ఏలూరు కాలవగట్టున ఎవరైనా పోతే ముందు కబురు వెళ్ళేది పురోహితుడి ఇంటికి కాదు, అచ్చాయమ్మ ఇంటికి. పురోహితుడు ఆలస్యమైతే శవానికి తొందరేం లేదు. అచ్చాయమ్మ ఆలస్యమైతేనే చిక్కు. బంధువులు ఉత్సాహంగా మొదలుపెట్టి, "నన్నొదిలి పోయావా" అని నాలుగుసార్లు అనేసరికి సరుకు నిండుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లిగా కోర్టు వాయిదాల మీదికీ పెళ్ళి సంబంధాల మీదికీ పోతారు. అచ్చాయమ్మ వచ్చి కొంగు నడుముకు బిగించి శవం కాళ్ళ దగ్గర కూర్చుంటే, పోయినవాడు ఎలా బతికాడో అప్పుడు తెలిసొచ్చేది అందరికీ. ఎంగిలిచేత్తో కాకిని తోలని ఓ షావుకారు పోతే, "నీ చేతి మెతుకు కోసం ఇన్నేళ్ళూ కాచుక్కూచున్న కాకులకి ఏమని చెప్పేది నాయనా" అని ఎత్తుకుంది. షావుకారు కొడుకులు వెక్కివెక్కి ఏడ్చారు. అందులో చురక ఉందేమోనని ఆలోచించే తీరిక వాళ్ళకి దినవారాలు అయ్యేదాకా దొరకలేదు.

ఇన్ని చావులకి ఏడ్చిన మనిషి ఏడుపుగొట్టు మొహంతో ఉంటుందనుకుంటే అది మీ పొరపాటు. పిలిస్తే వెళ్ళేది, తనివితీరా ఏడ్చేది, తలమీద నీళ్ళు పోసుకుని ఇంటికొచ్చి వంకాయలు తరుగుతూ ఆ ఇంటి కోడళ్ళ దొంగ ఏడుపులు అనుకరించి మొగుణ్ణి నవ్వించేది. ఆ మొగుడు జగ్గారావుగారి బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసే నెమ్మదైన మనిషి. పిల్లల్లేరు. అచ్చాయమ్మ చెల్లెలు చనిపోతే ఆవిడ కొడుకు వీరాస్వామిని తెచ్చి పెంచుకున్నారు.

ఊరందరికీ ఏడ్చిపెట్టినా, ఒక్క ఏడుపు మాత్రం అచ్చాయమ్మ ఎవరికీ వాడకుండా దాచుకుంది. అది వాళ్ళమ్మ సూరమ్మది.

సూరమ్మ కొల్లేటి లంకలో ఉండేది. ఎనభై దాటి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలీదు. కూతురు దోనె దిగి వచ్చినప్పుడల్లా, ఇల్లు కట్టుకునేవాళ్ళు మేస్త్రీని అడిగినట్టు, పని ఎందాకా వచ్చిందని అడిగేది. మీ నానమ్మ నన్ను పెట్టిన బాధలు అందులో వేశావా అనేది. వెయ్యలేదంటే అలిగేది. బెల్లప్పాకం బాగా పడతానని వెయ్యమనేది. చావులో పాకం ఏమిటే అమ్మా అని కూతురు విసుక్కునేది. అలా కొన్నేళ్ళు చెక్కి చెక్కి, ఒకరోజు చేపలు తోముతున్న తల్లి పక్కన కూర్చుని అచ్చాయమ్మ గొంతు తగ్గించి వినిపించింది.

"దోనె దిగి నేనొస్తే నా కాళ్ళ బురద కడిగేదానివి, నా తల్లీ,
ఈయేళ నీ కాళ్ళు నేను కడగాలా, నా తల్లీ.
కనుమరుగయ్యేదాకా గట్టుమీద నిలబడేదానివి, నా తల్లీ,
ఈయేళ నువ్వెళ్తుంటే నేనెందాకా చూసేది, నా తల్లీ."

సూరమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "బాగుందే. నేను పోయేదాకా ఎక్కడా పైకనకు. ఇది నాది" అంది.

అచ్చాయమ్మ సరేనంది. మనస్ఫూర్తిగానే అంది. కానీ అప్పటికి ఏలూరులో విద్యాలయం పెట్టలేదు కదా.

విద్యాలయం పెట్టించింది టాకీలు. ఊళ్ళోకి టాకీ వచ్చిన రెండో ఏటికే నాటకాలు చూసే జనం సగమయ్యారు. వయసులో ఉండగా రాజు వేషాలు కట్టి, ఇప్పటికీ మిల్లు కూలీలను "ఓరీ భటా" అన్న ధోరణిలో పిలిచే జగ్గారావుగారికి ఈ సంగతి మింగుడుపడలేదు. నాటకం దెబ్బతినడానికి కారణం నటులకు చదువు లేకపోవడమేనని ఆయన తేల్చేశారు. తన నటన చూసి పారిపోయినవాళ్ళ సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. మిల్లు వెనక ఊక నిలవచేసే కొట్టు ఖాళీ చేయించి, నాట్యకళా విద్యాలయం అని బోర్డు కట్టారు. రెండేళ్ళ కోర్సు, పరీక్ష, నెగ్గినవాళ్ళకి సర్టిఫికెట్టు. పదకొండుమంది చేరారు. మొదటి నెల అంతా ఊక దుమ్ముకి తుమ్మడంతోనే గడిచింది.

ప్రిన్సిపాలుగా శేషగిరిరావుగారు దొరికారు. ప్లీడరీ చదివారు గానీ క్లయింట్లకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఆయన దగ్గర నల్ల అట్ట ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. అందులో నటన గురించి అంతా ఉందట. నల్లబల్ల మీద సుద్దముక్కతో స్టేజీ గీసి, రాజు ఎటునుంచి రావాలో, సేవకుడు ఎటు చావాలో బాణం గుర్తులు పెట్టేవారు. రేకు ఊపి ఉరుము పుట్టించడానికి రెండు వారాలు, తెర తాడు ముడి వెయ్యడానికి మూడు వారాలు. ఆ ముడి కొల్లేటి దోనెల మీద పుట్టిన ప్రతివాడికీ వచ్చు. కానీ వాళ్ళకి సర్టిఫికెట్టు లేదు. పద్యాలకు హార్మోనియం వాయించే యేసుదాసు ఒక్కడే ఆ కొట్టులో పని తెలిసిన మనిషి. అతను మిషను చర్చిలో పాటలకు వాయిస్తూ నేర్చుకున్నాడు గనక అతన్ని ఉపాధ్యాయుడిగా లెక్కపెట్టలేదు, బెంచీ, తెరలతోపాటు సామానులో లెక్కపెట్టారు.

వీరాస్వామి ఈ విద్యాలయంలో ఆడవేషాల విద్యార్థి. ఇరవై రెండేళ్ళొచ్చినా మీసం సరిగ్గా రాలేదు, గొంతు బాగుండేది. ఇంతకన్నా అర్హత ఏం కావాలి? ఏడాది చివర ప్రదర్శించబోయే నాటకంలో తల్లి శవం మీద పడి ఏడ్చే రాణి వేషం వాడిదే అనుకున్నారు. చిక్కల్లా వాడికి ఏడుపు రాకపోవడం. రాజమండ్రి నుంచి వచ్చే పరీక్షాధికారి ముందు కరుణరసంలో నెగ్గకపోతే వేషం తీసేసి తెర తాడు దగ్గర నిలబెడతామన్నారు. అదెంత చిన్నతనమో ఊళ్ళో నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. పిల్లవాడు అన్నం మానేశాడు.

ఆ అన్నం గిన్నె పట్టుకుని అచ్చాయమ్మ విద్యాలయానికి వెళ్ళేసరికి శేషగిరిరావుగారు కరుణరసం బోధిస్తున్నారు. కుడిచెయ్యి నుదుటికి, ఎడమచెయ్యి గాలిలోకి, ఒక అడుగు వెనక్కి, అప్పుడు నిట్టూర్పు. ఆయన చేసి చూపిస్తే తేలు కుట్టినవాడు ఎవరికీ చెప్పుకోలేక తిప్పలు పడుతున్నట్టుంది. అచ్చాయమ్మకి నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నా బయటికి వినపడింది.

శేషగిరిరావుగారు చెయ్యి దించి, గౌరవానికేం లోటు లేకుండానే అన్నారు. "మీరేదో శవాల దగ్గర ఏడుస్తారటగా అమ్మా. అది కళ కాదండీ, అలవాటు. మీబోటివాళ్ళు ఏడిస్తే అది ఏడుపు. శాస్త్రం తెలిసినవాడు ఏడిస్తే కరుణరసం."

పదకొండుమంది విద్యార్థులూ తలలూపారు. వాళ్ళలో వీరాస్వామి కూడా ఉన్నాడు. అచ్చాయమ్మకి కాలిందంటే కాలదూ మరి? ముప్పై ఏళ్ళుగా ఎవరి గుమ్మంలో కూర్చున్నా రాయిలాంటి మగాళ్ళ చేత కూడా కన్నీళ్ళు పెట్టించిన మనిషిని పట్టుకుని అలవాటంటాడా? గిన్నె అక్కడ పెట్టి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం వీరాస్వామిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ముందు ఇరుగుపొరుగు చావులకి ఏడ్చినవి నాలుగైదు చెప్పింది. వాడు చిన్నప్పట్నుంచీ విన్నవే. ఇవి ఊరందరికీ తెలిసినవి పెద్దమ్మా, పైగా వీటిల్లో తల్లి లేదు కదా అన్నాడు. తల్లిది ఉంది. అది ఇవ్వకూడదు. అచ్చాయమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పిల్లవాడి మీద ప్రేమ సగం, ప్రిన్సిపాలు మీద కసి సగం. నిజం చెప్పాలంటే కసే ఒక పాలు ఎక్కువ. తెల్లారేసరికి వీరాస్వామికి దోనె దిగడం, కాళ్ళ బురద, గట్టు, కనుమరుగు అన్నీ నోటికొచ్చేశాయి.

పరీక్షాధికారి రుమాలు తడిపేశాడు. జగ్గారావుగారు రెండు రుమాళ్ళు తడిపారు. శేషగిరిరావుగారు మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే, తన పద్ధతి ఫలించిందని సభాముఖంగా ప్రకటించారు. నాటకానికి వేసిన కరపత్రంలో "కరుణరస శిక్షణ: శ్రీ శేషగిరిరావుగారు" అని లావుపాటి అక్షరాలు పడ్డాయి. అచ్చాయమ్మ పేరు ఎందుకుంటుంది, అలవాటుకి కరపత్రం వేస్తారా ఎవరైనా?

ఇక నాటకం ఆడింది చూడండి. యేసుదాసు ఆ ఏడుపుని హార్మోనియం మెట్ల మీద చక్కగా కూర్చాడు. ఏలూరులో మొదటి ఆటకే మూడుసార్లు వన్స్ మోర్ కొట్టారు. తల్లి శవం వేషధారి పడుకున్నచోట దోమలు కుట్టి, మూడోసారి గోక్కున్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. తాడేపల్లిగూడెంలో నాలుగు ఆటలు, చింతలపూడిలో రెండు. టాకీకి వెళ్ళేవాళ్ళు కూడా ఇటు తిరిగారు. బళ్ళవాళ్ళు, నీళ్ళ బిందెలవాళ్ళు, మిల్లులో ధాన్యం ఎండబోసేవాళ్ళు అందరి నోళ్ళలోనూ "ఈయేళ నువ్వెళ్తుంటే" అన్నది ఆడింది. ఉల్లిపాయలమ్మేవాడు కూడా తన కేకని ఆ రాగంలోకి మార్చుకున్నాడు.

అచ్చాయమ్మ మొదట్లో మురిసిపోయింది, అబద్ధమెందుకు? తర్వాత ఆ రాగం వినపడితే వీధి తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. మొగుడు ఏమిటన్నా చెప్పేది కాదు. తల్లికి ఏం చెప్పాలో తెలీక ఆర్నెల్లు లంక వైపు వెళ్ళలేదు.

వీరాస్వామికి ఏం తెలుసు? అమ్మమ్మకి నాటకం చూపిస్తానని వాడే వెళ్ళి సూరమ్మని దోనెలో తీసుకొచ్చాడు. ఆడవాళ్ళు కూర్చునేచోట ముందు వరసలో కూతురి పక్కన కూర్చోబెట్టాడు. రాణి తల్లి కాళ్ళ దగ్గర కూలబడి మొదటి చరణం ఎత్తుకోగానే అచ్చాయమ్మ తల వంచుకుంది. అమ్మ ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు లేచి వెళ్ళిపోతుంది అని ఎదురుచూసింది. సూరమ్మ తిట్టలేదు. పక్కావిడని మోచేత్తో పొడిచి, "ఇది నాదేనమ్మా, నా కోసం కట్టింది మా అమ్మాయి" అని చెప్పింది. ఆ పక్కావిడ నమ్మలేదు. అయినా వన్స్ మోర్ అన్నవాళ్ళలో అందరికన్నా ముందు గొంతు సూరమ్మదే.

ఇంటికొచ్చాక అచ్చాయమ్మ తల్లి కాళ్ళు పట్టుకుని, తప్పయిపోయిందే, నీకు వేరేది కడతాను, ఇంతకన్నా మంచిది కడతానంది.

"నాకు వేరేదెందుకే?" అంది సూరమ్మ. "నాకదే కావాలి. నీ నోటితో. అది లేకపోతే నేను గుమ్మం కదలను."

ఆ మాట అన్న మాఘమాసంలోనే సూరమ్మ పోయింది. జ్వరం మూడు రోజులు, అంతే. కబురు తెలిసి ఏలూరునుంచి దోనెలు బారులు కట్టాయి. ముసల్దాన్ని ఎరిగినవాళ్ళు అందులో ఎందరున్నారో చెప్పలేం. ఇన్నాళ్ళూ తమ ఇళ్ళ చావులకి ఏడ్చిన అచ్చాయమ్మ సొంత తల్లికి ఎలా ఏడుస్తుందో చూడాలని వచ్చినవాళ్ళే ఎక్కువ. జగ్గారావుగారు వచ్చారు, శేషగిరిరావుగారు వచ్చారు, విద్యాలయం మొత్తం వచ్చింది. మంచి చోట్ల కోసం అరుగు దగ్గర కాస్త తోపులాట కూడా జరిగింది.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. అచ్చాయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చుకుని కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ కాళ్ళు చూసేసరికి ఆవిడకి చుట్టూ ఉన్న జనం ఎవరూ కనబడలేదు. గుండెల్లోంచి ఎత్తుకుంది.

"దోనె దిగి నేనొస్తే..."

"నా కాళ్ళ బురద కడిగేదానివి" అని వెనకనుంచి పదిమంది మెల్లిగా అందుకున్నారు. పాపం వాళ్ళ తప్పేముంది, ఏడాదిగా నోట్లో నానిన మాట. ఎవరో ఆడపిల్ల, వీరాస్వామి ఇక్కడ ఇంకా సాగదీస్తాడు కదూ అని గుసగుసలాడింది. అచ్చాయమ్మ విననట్టే రెండో చరణం మీదికి వెళ్ళింది. గొంతు వణికింది, రాగం చెదిరింది, మాట సగంలో విరిగింది. అది విరగాల్సిన చోటే. కొడిగట్టిన దీపంలా ఆవిడ ఒక్క క్షణం ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, కల్లం దగ్గర నిలబడ్డ ఓ పెద్దమనిషి నోటినుంచి, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ, "వన్స్ మోర్" అని జారిపోయింది. వెంటనే నాలిక కరుచుకున్నాడు. పక్కవాళ్ళు అతన్ని కసిరారు. అంతా క్షణంలో సర్దుకుంది.

అచ్చాయమ్మ నోరు మాత్రం మూతపడింది. తెరవాలని చూసింది. గొంతులోకి వచ్చిన ప్రతి మాటా వీరాస్వామి గొంతుతో, హార్మోనియంతో వస్తోంది. తన తల్లి చచ్చిపోయిందని చెప్పుకోవడానికి లోకంలో తనకి ఒక్క మాట మిగల్లేదని ఆవిడకి అర్థమైంది. పొద్దెక్కుతోంది. పాడె సిద్ధంగా ఉంది. ఆవిడ తలెత్తి, దూరంగా నిలబడ్డ వీరాస్వామిని పిలిచింది.

"నువ్వు అందుకోరా నాన్నా. అది వినందే కదలనంది అమ్మమ్మ."

వాడు రాలేను పెద్దమ్మా అన్నాడు. రమ్మంది. వచ్చి కూర్చున్నాడు. మొదటి చరణంలో వణికాడు గానీ, రెండోదానికి చెయ్యి దానంతటదే నుదుటికి వెళ్ళింది. శ్రుతి తప్పలేదు, మాట విరగలేదు. వాకిలంతా గొల్లుమంది. జగ్గారావుగారు ఏడ్చారు. నాలిక కరుచుకున్న పెద్దమనిషి అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. శేషగిరిరావుగారు కళ్ళు మూసుకుని వేళ్ళతో తాళం వేశారు. ఆ గోలలో అచ్చాయమ్మ చెంబు వంచి తల్లి కాళ్ళు కడిగింది. వేళ్ళ సందుల్లో కూడా కడిగింది. పాడెని దోనెలోకి ఎక్కించాక గట్టు చివరిదాకా నడిచి, నీళ్ళ మీద అది చుక్కంతయి మాయమయ్యేదాకా నిలబడింది.

తిరుగు దోనెల్లో ఆడవాళ్ళు ఈ చావు గురించే మాట్లాడుకున్నారు. ఇంత గొప్ప ఏడుపు ఈ చుట్టుపక్కల ఎన్నడూ చూడలేదన్నారు. వీరాస్వామిని మెచ్చుకోనివాళ్ళు లేరు.

"ఎంతైనా చదువుకున్నవాడు కదమ్మా" అంది ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతూ. "ఆ అచ్చాయమ్మని చూశావా? ఊళ్ళో అందరికీ అంత ఏడ్చేది, కన్నతల్లి పోతే కంట నీటిచుక్క లేదు."