నేను బండి పక్కకు తియ్యలే

మా ఇల్లు హుస్సేనీ ఆలంల. పక్కింటి ఖాలా, అంటే నాకు పిన్ని లెక్క, నేను పుట్టకముందు నుంచే మా అమ్మకు దోస్తు. పోయినేడు ఎండకాలం ఒకరోజు పొద్దుగాల పాల పాకెట్‌కని పోయి, మెయిన్ రోడ్డు దాటుతుంటే ఆమెను బైక్ గుద్దింది. ఆ రోడ్డు నడుమ డివైడర్ ఉంది. డివైడర్ దాక బండ్లు కుడి దిక్కు నుంచే రావాలె. ఆ బైక్ మాత్రం ఎడమ దిక్కు నుంచి, రాంగ్ సైడ్‌ల వచ్చింది. ఖాలాకు తుంటి ఎముక విరిగింది.

దవాఖానకు చూడవచ్చినోళ్లందరిది ఒకటే మాట: "రెండు దిక్కులు చూస్కోవద్దా?"

ఖాలా నా చెయ్యి పట్టుకొని, "మై సీదే హాత్ కో దేఖీ బేటా, బరాబర్ దేఖీ" అన్నది. కుడి దిక్కు మంచిగనే చూసిందట. తప్పు తనదే అయినట్టు సంజాయిషీ చెప్పుకుంటుంది. నాకు కడుపు మండింది. గుద్దినోన్ని ఎవ్వరు ఏమనలే.

నిజం చెప్పాలె. యూ టర్న్ దూరమని, ఆఫీసుకు లేటయితదని, అప్పటిదాక నేను కూడా స్కూటీ మీద అదే రాంగ్ సైడ్‌ల పోయినదాన్నే. దవాఖాన మెట్లు దిగుతుంటే అది యాదికొచ్చి సిగ్గయింది. మర్నాటి నుంచి యూ టర్న్ దాక పోయి తిరిగి వచ్చుడు షురూ చేసిన. ఇంకొకటి కూడా అనుకున్న: ఎదురుంగ వచ్చేటోళ్లకు ఇగ దారియ్య.

వారం తిరగకముందే ఒక ఆటో నా ముంగట వచ్చి ఆగింది. లోపల నలుగురు ఆడోళ్లు. డ్రైవర్ తల బయటపెట్టి, "అమ్మా, జర సైడ్ ఇయ్యి" అన్నడు.

"ఇయ్య. ఇది నేను వచ్చే దారి అన్నా. నువ్వే వెనక్కి పో."

"అందరు వస్తలేరా? నీకొక్కదానికే ఏంది నొప్పి?"

నేను ఇంజన్ బంద్ చేసిన. వెనక హార్న్‌లు మోగినయ్. ఒకాయన "ఆడోళ్లకు బండిస్తే గిట్లనే" అని మొత్తుకున్నడు. నేను హెల్మెట్ తియ్యలే, జరగలే. ఆఖరికి ఆటోల ఉన్న ఒక పెద్దామె, "ఆమె అన్నదాంట్ల తప్పేముంది? వెనక్కి తీయ్" అన్నది. డ్రైవర్ గొణుక్కుంట రివర్స్ చేసిండు.

ఇంట్ల మా ఆయన కోపానికొచ్చిండు. "నువ్వేమన్న ట్రాఫిక్ పోలీసువా? ఎవడన్న కొడితే?"

"పోలీసులున్న కాడ వాళ్లు గిట్ల రానే రారు. నేనుండేది పోలీసులు లేని కాడ" అన్న.

రోడ్డు మొత్తం మారిపోయిందని అబద్ధం చెప్ప. ఇప్పటికీ వస్తనే ఉన్నరు, తిడుతనే ఉన్నరు. మొన్న ఒకడు బైక్‌ను నా ముంగటి చక్రానికి ఆనించి, "హటో" అని అరిచిండు. నేను స్కూటీకి స్టాండ్ వేసి, చేతులు కట్టుకొని నిలబడ్డ. చూసి చూసి వాడే బండి మలుపుకున్నడు.