మూడు చూపులు, ఒక చీపురు పుల్ల

నూజివీడు మామిడి వర్తకుడు లక్ష్మీనరసింహారావు దేన్నయినా మూడుసార్లు చూడనిదే ముట్టుకోడు. ఆయన గురించి ఈ ఒక్క ముక్క చెబితే చాలు. మిగిలినవన్నీ ఈ కొమ్మకే కాశాయి.

తోటను కౌలుకు తీసుకునేవాడు మూడు చూపులు చూడాలి. పూత మీద ఒకటి, పిందె మీద ఒకటి, కోతకు ముందు ఒకటి. పూత చూసి మురిసినవాడు పిందె చూసి ఏడుస్తాడని రెడ్డిగూడెం నుంచి ఆగిరిపల్లి దాకా అందరూ అనే మాటే. వర్తకులందరూ అలాగే చూస్తారు. తోట కంచె దాటాక మానేస్తారు. రావుగారు మానలేదు.

మైలవరం నుంచి ఒకసారి పెళ్ళిపిలుపు వచ్చింది. పది రోజుల ముందే రావుగారు ఆ ఇంటి ముందు బస్సు దిగాడు.

"పెళ్ళి పన్నెండో తారీకండీ" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి, వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి.

"తెలుసండీ. ఇది పూత చూపు."

నాలుగు రోజులు పోయాక మళ్ళీ వెళ్ళాడు. పందిరి రాటలు వేస్తున్నారు. గాడిపొయ్యి ఎటు తవ్వారో, గాలి ఎటు వీస్తోందో చూశాడు. పొగ భోజనాల వైపు రాదని తేల్చుకున్నాడు. మూడోసారి వెళ్ళి అక్షింతలు వేశాడు. ఆ ఇంట్లో మూడుసార్లూ ఆయనకు భోజనం పెట్టారు. పెట్టక ఏం చేస్తారు?

పన్ను నొప్పి వచ్చినప్పుడు బెజవాడ వెళ్ళాడు. డాక్టరు నోరు తెరవమన్నాడు.

"ఇవాళ తెరవనండి. కుర్చీ చూసి పోదామని వచ్చా."

రెండోసారి వెళ్ళి వేరొకరి పన్ను పీకుతుంటే తలుపు దగ్గర నిలబడి ఆసాంతం చూశాడు. మూడో చూపుకు బయలుదేరాల్సిన రోజు పొద్దున్నే, ఆగిరిపల్లి తోటలో చిన్నరసం చీకుతుంటే పన్ను దానంతట అదే ఊడి టెంకతో పాటు చేతిలోకి వచ్చింది.

"చూశావా? తొందరపడితే పీకించుకునేవాణ్ణి" అన్నాడు భార్యతో.

హైమవతి నవ్వలేదు. ఆయనతో ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమెకు ఒక సంగతి తెలిసింది. మూడో చూపు వచ్చేలోగా చాలా వస్తువులు ఊడిపోతాయి.

ఆమెకు చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడింది. మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తుంది. తిరువూరులో ఆమె పుట్టింటికి వచ్చిన సంబంధాలు నాలుగు, ఆ చెయ్యి చూసి కాఫీ తాగి వెళ్ళిపోయాయి. అయిదోవాడు రావుగారు. ఆయన మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి పెద్దవాళ్ళతో వచ్చి, ఆమె వంటింటి మెట్టు దిగి వస్తుంటే చూశాడు. రెండోసారి ఒక్కడే వచ్చాడు. ఎవరూ లేరనుకుని వంటింటి మెట్టు దగ్గర వంగి, మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల లాగి, విరిచి, జేబులో పెట్టుకున్నాడు. తలుపు సందులోంచి ఆమె చూసింది. ఆమె తమ్ముడు బసవపున్నారావు కూడా చూశాడు. మూడోసారి వచ్చి మజ్జిగ తాగి, ఆమె వంక కాసేపు చూసి, "సరేనండీ" అని వెళ్ళాడు.

బసవపున్నారావు ఇప్పుడు నూజివీడులోనే బట్టల కొట్టు పెట్టాడు. చీర కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ కథ చెబుతాడు. "మా బావ పెళ్ళిచూపులకొచ్చి ఏం పట్టుకుపోయాడో తెలుసాండీ? చీపురు పుల్ల. పళ్ళు కుట్టుకోవడానికి. వాళ్ళింట్లో చీపురు లేదు కాబోలు పాపం."

అందరూ నవ్వేవారు. హైమవతీ నవ్వేది. కాని తెగులుందేమోనని చెట్టును తిరగేసి చూసినట్టు తనను మూడుసార్లు చూశాడన్నది ఆమెలో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. కొత్తలో ఒకసారి అడిగింది.

"నన్ను మూడుసార్లెందుకు చూశారు?"

"చూడకపోతే ఎట్లా?" అన్నాడాయన. అంతే.

ఆయన ఇంటి వాకిట్లో మెట్లు కూడా ఊళ్ళో ఒక వింత. పక్కింటివాళ్ళ అరుగుకు మూడు మెట్లు. అంతే ఎత్తున్న ఈ అరుగుకు ఆరు. ఒక్కోటి ఇంత పల్చన. పొరుగూరి నుంచి వచ్చే వర్తకులు కాలు ఎత్తి వేయబోయి, అక్కడ ఎత్తు లేక, తూలేవారు. "ఇవి మెట్లాండీ, చీర కుచ్చిళ్ళాండీ?" అనేవారు. కట్టించినవాళ్ళకు మెట్లంటే ఇష్టం కాబోలని హైమవతి అనుకుంది.

ఉప్పెన వచ్చిన ఏడో ఏడు అది. కార్తీకంలో ఒక సాయంత్రం రేడియోలో తుఫాను హెచ్చరిక చెబుతున్నారు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుందని, జాలరులు వేటకు వెళ్ళరాదని.

"అయితే ఇప్పుడు సముద్రం దగ్గర మనుషులెవరూ ఉండరన్నమాట" అంది హైమవతి, పప్పు ఏరుతూ.

"ఏంటి?" అన్నాడాయన.

"ఏం లేదు."

ఆయన లేచి రేడియో కట్టేశాడు.

పన్నెండేళ్ళప్పుడు ఆమెను మాఘపౌర్ణమి స్నానానికి బందరు తీసుకెళ్ళారు. బండి దిగి పది అడుగులు వేసింది. పక్క బండిలో పిల్లలు మోకాలి మీద చేతులు పెట్టుకుని ఆమెలాగే నడిచి చూపించారు. పెద్దవాళ్ళు కూడా సముద్రం మానేసి ఆమెను చూశారు. ఆమె వెనక్కి వచ్చి బండెక్కింది. తడవని కాళ్ళతో ఇల్లు చేరింది. తర్వాత ఎవరు సముద్రం మాటెత్తినా "ఆ ఉప్పునీళ్ళేం చూస్తాంలే" అనేది. ఈ సంగతి భర్తకు ఒక్కసారి చెప్పింది. అప్పుడాయన కాయలు ఏరుతున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

తుఫాను దాటిన వారానికి రావుగారు ఎక్కడికో వెళ్ళి మర్నాడు వచ్చాడు. చెప్పుల నిండా ఇసుక.

"ఎక్కడికెళ్ళారు?"

"నాగాయలంక. అక్కణ్ణుంచి పడవలో పోతే, ఏరు సముద్రంలో కలిసే చోట ఒక దీవి ఉంది. నిన్ను తీసుకెళ్దామని."

ఆమె చేతిలో చెంబు ఆగింది. "ఎట్లా ఉంది?"

"ఇసుక ఉంది."

"ఇంకా?"

"నీళ్ళున్నాయి." కాసేపు ఆలోచించాడు. "పూత బాగానే ఉంది. మనుషులెక్కువ."

ఈ వార్త బట్టల కొట్టుకు చేరింది. బసవపున్నారావు కొట్టు వదిలేసి వచ్చాడు.

"బావగారూ, సముద్రాన్ని కౌలుకు తీసుకుంటున్నారంట?"

"ఇంకా ఖాయం కాలేదు" అన్నాడు రావుగారు గంభీరంగా.

"అక్కయ్యా, ఆశ పెట్టుకోకు. ఈయన మూడో చూపు చూసేసరికి సముద్రం ఎండిపోయి ఉప్పు మిగులుతుంది."

హైమవతి భయం వేరు. సముద్రం ఎక్కడికీ పోదు. మోకాలే పోతుంది. ఈ ఏడు గడిస్తే చేతికర్ర తప్పదని డాక్టరు అన్నాడు. కర్రతో ఇసుకలో నడవలేదు. పన్ను సంగతి ఆమెకు గుర్తుకొచ్చింది.

రెండో చూపుకు రావుగారు అద్దె అంబాసిడర్ మాట్లాడుకున్నాడు. డిక్కీలో మామిడి పెట్టెల చెక్కలు వేయించాడు. మేకులు, సుత్తి కూడా.

"సముద్రాన్ని ప్యాక్ చేసి తెస్తాడు" అన్నాడు బసవపున్నారావు. "పైన గడ్డి బాగా వేయండి బావగారూ, అలలు నలిగిపోతాయి."

తిరిగి వచ్చాక రావుగారు ఒకే మాట అన్నాడు. "పిందె నిలిచింది. వచ్చే ఆదివారం."

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరారు. నాగాయలంక రేవులో ఇంజను పడవ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న రాయప్ప ఎదురుచూస్తున్నారు. పడవ నడపడం, దారిలో ఉన్నవన్నీ చూపించి చెప్పడం రాయప్ప పని. ఆ పడవలో వేరే ఎవరూ ఎక్కకూడదని రావుగారు ముందే మాట్లాడుకున్నాడు.

ఏరు వెడల్పుగా, మాటా పలుకూ లేకుండా ఉంది. రెండు ఒడ్లా మడ చెట్లు.

"అమ్మగారూ, అటు చూడండి" అని రాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"అవి మడ చెట్లు" అన్నాడు రావుగారు. "వేళ్ళు పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి."

రాయప్ప నోరు మూసుకున్నాడు. కాస్త దూరం పోయాక మళ్ళీ చెయ్యెత్తాడు.

"అక్కడేమో అమ్మగారూ..."

"కొంగల గుంపు. తెల్లవి ఇక్కడివే. బూడిదరంగువి ఎక్కణ్ణుంచో వస్తాయి."

"అయ్యగారూ, చెప్పేది నేనాండీ, మీరాండీ?"

"నువ్వే చెప్పు. మరిచిపోయావేమోనని అందించా."

"పుట్టిన కాణ్ణుంచీ ఇక్కడే ఉన్నానండీ. రెండుసార్లొచ్చి మీరు నాకు పాఠం చెబుతున్నారు."

హైమవతి కొంగు అడ్డం పెట్టుకుంది. నీటి రంగు మారిన చోట రాయప్ప ఇంజను ఆపాడు. ఈసారి ఎవరూ అందించకముందే గబగబా అనేశాడు. "ఇక్కణ్ణుంచి ఉప్పనండీ!"

రావుగారు వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. "ఉప్పనే. పూతప్పుడూ ఇంతే ఉంది" అని ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత రాయప్ప చాలాసేపు ఏమీ చెప్పలేదు. ఏడేళ్ళ కిందట, ఉప్పెనకు ముందు, ఒక పల్లె ఉన్న ఒడ్డు పక్కగా పడవ సాగింది. అక్కడ రావుగారు కూడా ఏమీ చెప్పలేదు.

దీవి వచ్చింది. ఒడ్డు నిట్టనిలువుగా, బురదగా ఉంది. హైమవతి ఆ ఒడ్డు ఎత్తు చూసింది. ఎవరైనా ఎత్తి దింపాలి కాబోలు. అంతకంటే పడవలోనే కూర్చోవడం మేలు. తడవని కాళ్ళతో మరోసారి ఇల్లు చేరడం తెలియని పని కాదు.

పడవ వంపు తిరిగింది. బురదలో దిగేసిన గుంజల మీద మెట్లు కనిపించాయి. మామిడి పెట్టెల చెక్కలు. ఒకదాని మీద సగం అక్షరాలు: నూజివీ. ఆమె లెక్కపెట్టింది. ఆరు.

మోకాలి మీద చెయ్యి వేయబోయింది. అవసరం రాలేదు. కాలు తనంతట తానే మెట్టును అందుకుంది. ఇంటి వాకిట్లో ఇరవై రెండేళ్ళుగా అందుకున్నట్టే.

"మూడు వేస్తే సరిపోద్దని ఎంత చెప్పినా వినలేదండీ అయ్యగారు" అన్నాడు రాయప్ప, పడవ కడుతూ. "ఒక్కోటీ ఇంతకు మించి ఎత్తుండకూడదని కొలతిచ్చారు. మర్చిపోయానండోయ్, ఇదుగో మీ కొలత."

చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. ఒక చీపురు పుల్ల. వేలెడు కంటే కొంచెం పొడవు. పాతబడి ఎర్రగా మాగి ఉంది.

హైమవతి ఆ పుల్లను చూసింది. భర్తను చూసింది. ఆయన తీసుకుని, జాగ్రత్తగా కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నాడు.

"ఆ మెట్టు మా వంటింటిది" అంది.

"ఊఁ. అదొక్కటే నువ్వు చెయ్యి ఆనించకుండా దిగావు. మా ఇంటివి పెద్ద మెట్లు. మార్పించాలంటే కొలత కావాలిగా."

ఇసుక తిన్నె దాటితే సముద్రం. మనిషి జాడ లేదు. ఒక్క వల లేదు, ఒక్క పడవ లేదు. ఎర్ర పీతలు మాత్రం ఆమె అడుగు చప్పుడుకు కన్నాల్లోకి దూరాయి.

"ఏంటిది, ఎవరూ లేరు?"

"ఆదివారమండీ" అన్నాడు రాయప్ప. "మా వాళ్ళంతా చర్చిలో ఉంటారు. నేను తెల్లారగట్టే ప్రార్థన చేసుకొచ్చాను. అయ్యగారు మొదట బుధవారమొచ్చారు. అప్పుడు నలభైమంది వలలారేస్తున్నారు. అదేంటో, వాళ్ళను చూసి దిగులు పడిపోయారండీ."

"రాయప్పా, పడవ సరిగ్గా కట్టావా?" అన్నాడు రావుగారు.

"కట్టానండీ."

"మళ్ళీ చూసిరా. మూడుసార్లు చూడు."

రాయప్ప తిన్నె దిగి వెళ్ళాడు. రావుగారు గొడుగు తెరిచి, ఇసుకలో చతికిలబడి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని తోటను చూసినంత శ్రద్ధగా చూస్తున్నాడు.

హైమవతి నడిచింది. మోకాలి మీద చెయ్యి వేసి, ఒక పక్కకు ఒరుగుతూ, దాచుకోకుండా నడిచింది. తడి ఇసుక వచ్చింది. మొదటి అల పాదాల దాకా వచ్చి ఆగింది. రెండోది చీలమండలు ముంచింది. వెనక్కి పోతూ పాదాల కింది ఇసుకను లాగేసింది. ఆమె తూలింది, నిలదొక్కుకుంది. రెండు కాళ్ళ కిందా ఇసుక ఒకేలా జారింది. సముద్రానికి ఏ కాలు ఏదో తెలియదు.

చాలాసేపు అలాగే నిలబడింది. చీర మోకాళ్ళ దాకా తడిసింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఇటు తిరగండి."

"తిరగనా?"

"తిరగండి."

ఆయన తిరిగాడు. గొడుగు మడిచాడు. చెప్పులు వదిలి, వాటిని పక్కపక్కన సరిగ్గా పెట్టి, వచ్చి ఆమె పక్కన నీళ్ళలో నిలబడ్డాడు.

"మొదటిసారి సంబంధం చూడ్డానికొచ్చారు" అంది హైమవతి, సముద్రాన్నే చూస్తూ. "రెండోసారి కొలతకొచ్చారు. మరి మూడోసారి ఎందుకొచ్చారు?"

రావుగారు ఆలోచించాడు. ఒక అల వచ్చి పోయింది. ఇంకోటి వచ్చింది.

"మూడోసారి పనేం లేదు" అన్నాడు. "చూడాలనిపించి వచ్చా."

 తిన్నె మీద నుంచి రాయప్ప కేక వేశాడు. "పడవ మూడుసార్లు చూశానండీ, అక్కడే ఉంది! పోటు రాకముందే బయల్దేరాలి!"

"పోదామా మరి?" అన్నాడు రావుగారు. "చూడ్డం అయింది కదా?"

"ఎక్కడయింది?" అంది హైమవతి, కొంగు పిండుకుంటూ. "నాకిది పూత చూపే. ఇంకా రెండున్నాయి."