పలచని రేకు వంకర పోకుండా

చోడవరంలో మా వెల్డింగు షాపుకి టిగ్ మిషన్ కొన్న కొత్తలో, పలచని అల్యూమినియం రేకులు అతికిస్తే వంకర తిరిగిపోయేవి. పక్క కొట్లో జాకెట్లు కుట్టే మా అక్క ఓసారి అలాంటి రేకును తిప్పి చూసింది.

"ఒరే, ఒక సివర్నుంచి లాగీసుకుంటూ పోతన్నావేటి? ముందు దూరం దూరంగా కచ్చా కుట్లు ఎయ్యి."

చేసి చూద్దామనిపించింది. రేకుల కింద వేడి పీల్చుకునేలా మందపాటి రాగి పలక పెట్టి, క్లాంపులతో బిగించాను. అక్కడక్కడ చుక్కల్లా అంటించి, తర్వాత మధ్యలో కొంత, చివర కొంత, చల్లారనిస్తూ అతికించాను. విప్పితే రేకు బల్ల మీద చదునుగా కూర్చుంది.

"గుడ్డకి ఏడి తగల్దు కదా, నీకెలా తెలిసిందే?" అన్నాను.

"దారం లాగితే గుడ్డ ముడతలు పడతాది. నీ రేకుని లాగేదేటి మరి?"

వేడికి కరిగిన చోటు చల్లారేటప్పుడు చుట్టూ ఉన్న రేకును లాగుతుందని, ఆమెకు చెబుతూండగానే నాకూ అర్థమైంది.