కాలో అంటే కాళ్ళకే

ఏళ్ళ తరబడి ఒక మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. పెద్ద మాట కాదు. "అవును" అన్న మాట. దాన్ని పదమూడేళ్ళ వయసులో ఒక బడి గేటు దగ్గర అన్నాను. ఆ తరువాత ఎవరూ నన్ను నిలదీయలేదు. ఎవరికీ అనుమానం కూడా రాలేదు. అందుకేనేమో అది బయటికి పోయే దారి లేక నాలోనే ఉండిపోయింది. నన్నెరిగినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు. మీరు నన్నెరగరు. అందుకని మీకు చెబుతున్నాను.

ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, లిఫ్టులు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. లిఫ్టు ఆగిపోతే తప్పు ఎక్కడ మొదలైందో విడదీసి చూడాలి. కరెంటు, తలుపు, తాడు, బ్రేకు. బాగున్నదాన్ని పక్కన పెడుతూ వస్తే చివరికి చెడ్డది మిగులుతుంది. ఈ విషయాన్ని కూడా అలాగే చాలాసార్లు విడదీశాను. ప్రతిసారీ మిగిలింది నేనే. అయినా మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను, ఈసారి ఇంకేదైనా మిగులుతుందేమోనని.

మాది బెంగాల్‌లో ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్. నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టర్లలో మా వరసంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. యూనియన్ ఆఫీసు ఎర్రజెండా పక్కన ఉన్న కుళాయి దాకా తెలుగు. అది దాటితే బెంగాలీ, హిందీ. నన్ను మాత్రం బస్సెక్కించి ఒక ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి పంపేవారు. తెల్లచొక్కా, బూడిదరంగు ప్యాంటు, మెరూన్ టై, నల్ల మేజోళ్ళు, లేసులున్న నల్ల తోలు బూట్లు. పొద్దున అసెంబ్లీలో క్రమశిక్షణ చూసే సారు వరసల మధ్య నడిచేవాడు. మా మొహాలు చూసేవాడు కాదు. కిందికి చూసేవాడు. నేను బూట్లని ప్యాంటు వెనకభాగానికి రుద్దుకుని నిలబడేవాణ్ణి.

ఆ యూనిఫాం నాకు చాలా ఇష్టం. ఇది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. అది వేసుకుంటే నేనెక్కడివాణ్ణో కనపడేది కాదు. బెంగాలీలో తెంతుల్ అంటే చింతపండు. మా బడిలో దక్షిణాది పిల్లలకి అదే పేరు. నా బెంగాలీలో ఎక్కడా యాస లేకుండా చూసుకున్నాను. మా వాళ్ళది మేదినీపూర్ వైపు, బెంగాలీవాళ్ళమే అని స్నేహితులకి చెప్పుకున్నాను. సార్లకి తెలుసు, రిజిస్టరులో ఉంటుంది కాబట్టి. పిల్లలకి తెలియదు. అన్నం డబ్బాలో పులుసు పెట్టొద్దని అమ్మతో పోట్లాడేవాణ్ణి. అమ్మ ఎందుకని అడిగితే కారుతుంది అనేవాణ్ణి.

ఆ ఏడు జనవరిలో అప్పన్న వచ్చాడు. మా క్వార్టర్ల వెనక వరసలోకి కొత్తగా దిగిన కుటుంబం. తండ్రి చాలాకాలంగా ఇక్కడ కూలిపనిలోనే ఉన్నా, తల్లినీ కొడుకునీ ఊరినుంచి తెచ్చుకుని కొద్ది నెలలే అయింది. ఆవిణ్ణి నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. అప్పన్నకి లెక్కలు బాగా వస్తాయని పరీక్ష పెట్టి మా బడిలోనే అయిదో తరగతిలో తీసుకున్నారు. కొత్త పిల్లలకి మొదటి వారం ఏ బట్టలైనా పర్వాలేదు. ఆ వారంలోనే ఒకరోజు వాడు మైదానం ఆ చివరనుంచి ఈ చివరకి వినపడేలా నన్ను పిలిచాడు. "అన్నియ్యా, మీయమ్మ పులుసన్నం నాకిచ్చినాది, నీకియ్యమంది." చేతిలో డబ్బా పైకెత్తి చూపిస్తున్నాడు. నా పక్కనున్నవాళ్ళు ముందు వాడి వైపు చూశారు. తరువాత నా వైపు. ఆ మధ్యాహ్నమే నాకు కొత్త పేరు వచ్చింది. వాడికి చిన్న తెంతుల్, నాకు పెద్ద తెంతుల్.

వాడు నవ్వాడు. వాడికది ముద్దుపేరు.

శనివారం ఒంటిపూట బడి. గేటు దగ్గర చిన్నమ్మ వాడికోసం నిలబడి ఉంది. సారు ఆవిడకి బెంగాలీలో ఏదో చెబుతున్నాడు. ఆవిడ తల ఊపుతోంది కానీ అర్థం కాలేదని ఎవరికైనా తెలుస్తుంది. సారు నన్ను చూసి, నీ భాషే కదా, చెప్పు అన్నాడు. సోమవారం నుంచి పూర్తి యూనిఫాం అన్నాడు. కాలో జుతో, కాలో మోజా అని రెండుసార్లు అన్నాడు. నల్ల బూట్లు, నల్ల మేజోళ్ళు. అని లోపలికి వెళ్ళిపోయాడు.

చిన్నమ్మ చేతిసంచిలోంచి ఒక అట్టపెట్టె తీసింది. ఖిదిర్‌పూర్ బజారులో ఆ పొద్దునే కొన్నదట. ఇటుకరంగు బూట్లు. లేసులు కూడా లేవు, పక్కన మెరిసే బకిల్ ఉంది. అదే రంగు మేజోళ్ళు మడతపెట్టి లోపల ఉన్నాయి.

"కాలో కాలో అంతన్నారు, ఏటి బాబూ? కాళ్ళకా?"

నేను ఆ బకిల్ వైపు చూశాను.

"ఇయ్యి సాల్తాయా, మార్సాలా? తొడక్కపోతే మార్సుతానన్నాడు కొట్టువాడు."

"కాళ్ళకే చిన్నమ్మా."

"అయితే ఇయ్యి సాలు."

"అవును."

అంతే. ఆవిడ పెట్టె మూసి, మూతమీద చెయ్యి ఒకసారి రాసి సంచిలో పెట్టుకుంది. అప్పన్న మీద వంగి, సోమవారం దాకా తొడక్కురా అంది. వాళ్ళిద్దరూ బస్సు వైపు వెళ్ళారు. నేను తరువాతి బస్సుకి ఆగాను.

జోళ్ళు కాళ్ళకే కదా. మేజోళ్ళు కాళ్ళకే కదా. నేనన్నదాంట్లో అబద్ధం ఏ మాటలో ఉంది? ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది. బాగా బిగించిన జవాబు. ఏ నట్టూ వదులుగా లేదు. కానీ ఆవిడ అడిగింది జోళ్ళు ఎక్కడ తొడుక్కోవాలని కాదు. ఆవిడ అడిగింది ఇవి చాలా, మార్చాలా అని. ఇవి చాలన్నదానికి నేను అవునన్నాను. ఎటు తిప్పినా ఆ ఒక్క చోట అతుకు ఊడిపోతుంది.

ఆవిడ మొగుడుంటే చెప్పేవాడు. ఆ వారం అతను బడ్జ్ బడ్జ్ జెట్టీ పనికి వెళ్ళాడు. అది నాకు తెలుసు. మా అమ్మకి చూపిస్తే చెప్పేది. ఆదివారం చిన్నమ్మ మా ఇంటికి వస్తుందేమోనని పొద్దున్నుంచీ తలుపు వైపే చూశాను. కుళాయి దగ్గరికి నేనే బిందె పట్టుకెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళనివాణ్ణి. అమ్మ మురిసిపోయింది. నేను వెళ్ళింది వాళ్ళిద్దరూ కలవకుండా. చూశారా, ఒక్క మాటే అని మొదలుపెట్టాను. ఒక్క మాట కాదు.

సోమవారం అసెంబ్లీలో సారు వరసల మధ్య నడుస్తూ అయిదో తరగతి దగ్గర ఆగాడు. అప్పన్న తెల్లచొక్కా, టై, తడి తలకి తీసిన పాపిడి. కింద ఇటుకరంగు. సారు గట్టిగా ఏమీ అనలేదు. బయటికి రమ్మని వేలితో చూపించాడు. వాడు బయటికొచ్చి, ఏం చెయ్యాలో తెలియక నా వరస వైపు చూశాడు. ప్రార్థనలో నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి వాడు బ్యాగు వీపున వేసుకుని గేటు వైపు వెళ్తున్నాడు. బకిళ్ళు ఎండకి మెరిశాయి. నా వెనకవాడు తెంతుల్ పోయిందన్నాడు. నేను కూడా నవ్వాను.

ఒక్కరోజు ఇంటికి పంపుతారనుకున్నాను. ఒక్కరోజు వాణ్ణి చూసి నవ్వుకుంటే నన్ను మరిచిపోతారనుకున్నాను. సీటు పోతుందని నాకు తెలియదు.

పైన రాసిన చివరి వాక్యం నిజం కాదు. దాన్ని కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళూ నాతో నేను అన్నది అదే. ఆ శనివారం గేటు దగ్గర సారు ఇంకో మాట కూడా అన్నాడు. వీడిది కచ్చా సీటు, ఇంకా ఖాయం కాలేదు, సోమవారం అన్నీ సరిగ్గా లేకపోతే జాబితాలో వెనకున్న పిల్లవాడికి ఇచ్చేస్తామని. స్పష్టంగా విన్నాను. చిన్నమ్మకి చెప్పలేదు. తెలిసే చెప్పలేదు. ఒక్కరోజు పంపితే చాలనుకున్నానా, అసలు రాకుండా పోతే బాగుండుననుకున్నానా? పదమూడేళ్ళవాడి మనసులో ఏముందో ఇప్పుడు ఎవర్ని అడగను? రెండోదే ఉందని నా అనుమానం.

అప్పన్న దగ్గర్లోని హిందీ బడిలో చేరాడు. ఎనిమిదితో మానేశాడు. షాలిమార్ గూడ్స్ యార్డులో తండ్రితో పాటు దిగాడు. వాడు బాగానే ఉన్నాడు. పెళ్ళయింది, కూతురుంది, నన్ను చూస్తే ఇప్పటికీ అన్నియ్యా అంటాడు. వాడు చెడిపోయి ఉంటే నాకు శిక్ష పడ్డట్టుండేది. అలా కాలేదు. వాడి లెక్కలు వాడికి ఇంకా వస్తాయి. వ్యాగనులో బస్తాల బరువు నోటితో కట్టి చెబుతాడు. అది వింటున్నప్పుడు నేను వేరే ఏదో చూస్తూ ఉంటాను.

కానీ అసలు బరువు అది కూడా కాదు. ఆ సోమవారం సాయంత్రం కాలో అంటే నలుపని ఎవరో చెప్పగానే చిన్నమ్మ నెత్తి కొట్టుకుందట. మరుసటి ఆదివారానికి అది కుళాయి దగ్గర కథ అయింది. తరువాత పేరంటాల్లో, పెళ్ళిళ్ళలో. "నా తెలివి సూడండమ్మా. ఆ సారు కాలో అంతే నాను కాలనుకున్నాను. గుంటడి సదువు నా సెవిలో పడి సచ్చింది." అందరూ పగలబడి నవ్వుతారు. మా వరసలో ఎవరైనా బెంగాలీ తప్పుగా వింటే, కాళ్ళకా అని వెక్కిరించడం అలవాటయిపోయింది. మా నాన్న కూడా అంటాడు. ఆవిడ తన మీద తానే కట్టుకున్న ఆ కథలో నేను లేను. నా అవును లేదు. నేను ఆ నవ్వుల మధ్య ఎన్నిసార్లు కూర్చున్నానో, ప్రతిసారీ అందరికంటే కొంచెం ముందే నవ్వేవాణ్ణి.

మరిచిపోయిందా? లేక పరాయి పిల్లాడి పేరు ఎందుకని వదిలేసిందా? అడగలేదు.

మొన్న అప్పన్న కూతుర్ని ఒక ప్రైవేటు బడిలో చేర్చారు. కాగితాలు చదవడానికి నన్ను రమ్మన్నారు. ఆఫీసు గోడమీద యూనిఫాం నియమాలు ఇంగ్లీషులో అంటించి ఉన్నాయి. ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. బూట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ వరస రెండుసార్లు చదివాను. నల్లవి అన్నాను.

"మాయమ్మకి ఇనపడేలాగ సెప్పన్నియ్యా. మల్లీ కాళ్ళకే కొంతాది" అన్నాడు అప్పన్న.

చిన్నమ్మ నవ్వింది. మనవరాలి జడ సర్దుతూ, "అప్పుడు కూడా ఈ బాబు సరిగ్గానే సెప్పినాడు. నాకే ఎక్కనేదు" అంది.

నేను చిన్నమ్మా అన్నాను. ఆవిడ తలెత్తి చూసింది. అప్పన్న కూడా చూశాడు. ఇంతకంటే మంచి సమయం రాదని నాకు తెలుసు.

"మేజోళ్ళు కూడా నల్లవే" అన్నాను.

ఆ రోజునుంచి పనిలో కూడా కుదురు లేదు. నిన్న బాగున్న బ్రేకుని విప్పి మళ్ళీ బిగించాను. అందుకే ఇది రాస్తున్నాను. నాన్న నేర్పిన తెలుగులో, అప్పట్లో దాచుకున్న ఆ భాషలోనే. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రేపు వెళ్ళి ఆవిడకి చెబుతానని మాటివ్వను, నా సంగతి నాకు తెలుసు. ఆవిడ ఇంకెక్కడో ఈ కథ చెబుతుంది, జనం నవ్వుతారు. అయితే ఆ కథలో తప్పిపోయిన ముక్క ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు. మీ దగ్గర కూడా ఉంది. అదే నాకు కాస్త ఊపిరి.

కాలో అంటే నలుపు, చిన్నమ్మా. ఆ శనివారం కూడా నాకు తెలుసు.