ఎడమచేతి ప్యాడిల్

నేను కారు నడుపుతానంటే మా అన్నకు గిట్టదు. కరీంనగర్‌లో మా ఆటోమేటిక్ కారు రోజూ నడిపేది నేనేనని తెలిసినా, "ఆడోళ్లు మార్కెట్‌కు పోయిరానీకె పనికొస్తరు" అని నలుగురిలో అంటాడు. తనూ కొత్తగా ఆటోమేటిక్ కొన్నాడు. ఉట్నూర్‌లో బంధువుల పెళ్లికి నన్ను దాంట్లోనే తీసుకుపోయాడు. ప్రేమతో కాదు, చూపించుకోవడానికి.

తిరుగు ప్రయాణంలో జన్నారం వైపు అడవిలో ఘాట్ రోడ్డు దిగుతున్నాం. స్టీరింగ్ వెనక, వేళ్లకు అందేలా గేర్లు మార్చే రెండు చిన్న ప్యాడిళ్లు ఉంటాయి. కుడిదాని మీద ప్లస్ గుర్తు, ఎడమదాని మీద మైనస్. ప్లస్ లాగితే బండికి పట్టు పెరుగుతుందని అన్న నమ్మకం. లాగినప్పుడల్లా పై గేరు పడి బండి ఇంకా జోరుగా జారుతోంది. కాలు బ్రేకు మీద నుంచి తియ్యడం లేదు. కాలిన వాసన మొదలైంది.

"అన్నా, ఎడమది గుంజు. గేర్ తగ్గితె ఇంజనే బండిని ఆపుతది. బ్రేక్ మీద భారం పడదు."

"నాకు నేర్పుతున్నవా? నోర్మూసుకొని కూసో."

నా ఒళ్లు మండింది. ఇంకో మలుపు తిరిగాక, నా మాట తప్పని చూపడానికే ఎడమది లాగాడు. బండి కీచుమంది. గేరు మారలేదు.

"సూసినవా? నీ తెలివి గింతే!"

"గింత స్పీడ్‌ల అది ఒప్పుకోదు. ప్యాడిల్ గేర్‌ను గుంజదు, కంప్యూటర్‌కు చెప్తదంతే. ఇంజన్ పాడైతదనుకుంటె అది గేర్ మార్వదు. ముందు జర స్పీడ్ తగ్గించు, మల్ల గుంజు."

"కంప్యూటర్ నీ చుట్టమా?"

తర్వాతి మలుపులో, వేడెక్కిన బ్రేకు పట్టకుండా మెత్తగా లోపలికి పోయింది. ఎదురుగా బస్సు. అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. నిలబడినంత పని చేసి తొక్కితే వేగం కాస్త తగ్గింది. ఎడమ ప్యాడిల్ నా వైపే ఉంది. వంగి లాగాను. ఇంజను గట్టిగా మూలిగింది. ఇద్దరం ముందుకు తూలాం. ఇంకోసారి లాగాను. బస్సు మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది.

ఘాట్ దిగాక బండి పక్కకు తీశాడు. చక్రాల దగ్గర పొగ.

"నా స్టీరింగ్ మీద చెయ్యేస్తవా? ఎంత ధైర్యమే నీకు!"

"బతికున్నవ్ గదా, ఇగ మొత్తుకో."

"దిగు! మల్ల నా బండి ఎక్కకు."

"చచ్చినా ఎక్క."

సంచి తీసుకుని దిగాను. వెనక వచ్చిన జీపు ఆపి, జన్నారం దాకా ఇరుక్కుని కూర్చున్నాను. అక్కడ బస్సు ఎక్కాను. అన్న నన్ను పిలవలేదు, నేను వెనక్కి చూడలేదు.

చెల్లె స్టీరింగ్ గుంజి తనను చంపబోయిందని చుట్టాలందరికీ చెప్పుకున్నాడట. వదిన ఫోన్ చేసి అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నేను గట్లనే అనుకున్న, మీ అన్న సంగతి నాకు తెల్వదా" అని ఫోన్ పెట్టేసింది.

అన్న ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. ఇప్పటికీ ఎత్తడం లేదు.