కడిగి ఆరేసిన కవరు

నా చిన్నప్పుడు మా బొగ్గుబావుల కాలనీలో తిండి తినని పిల్ల ఎవరంటే అందరూ నన్నే చూపించేవారు. మా బాపు బావిలోకి దిగే కార్మికుడు. రెండు గదుల క్వార్టరు మాది. పొద్దున జొన్నరవ్వ ఉడికించిన గట్క, మజ్జిగ. రాత్రికి రొట్టె, ఏదో ఒక ఆకు వేసిన పప్పు. మా అవ్వ, అంటే మా అమ్మ, చేసేది అదే. ఆ తిండి నలుగురిలో చెప్పుకోవాలంటే నాకు సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గు మా మేనత్త దగ్గర అంటుకుంది.

అత్త మా బాపుకు చెల్లెలు. మామ ఆఫీసులో గుమస్తా కాబట్టి వాళ్లది పెద్ద క్వార్టరు. అప్పట్లో కొత్తగా వచ్చిన ప్యాకెట్ సేమియాలు వాళ్లింట్లో రోజూ వండేవారు. మరిగే నీళ్లలో వేసి, లోపల ఉండే చిన్న వెండిరంగు పొట్లం చింపి మసాలా చల్లితే అయిపోయేది. ఒకసారి నేను వెళ్లేసరికి తన పిల్లలిద్దరికీ గిన్నెల నిండా పెట్టి, అడుగున మిగిలినవి నాకు ఒక్క చెంచాడు వేసింది. "మీ అవ్వకు గట్క గెలుకుడు తప్ప ఏమొస్తదే కోడలా?" అని నవ్వింది. పిల్లలూ నవ్వారు. ఆ చెంచా ఎంతుందో ఇప్పుడు అడిగినా చూపించగలను. కోపం అత్త మీద రావాలి. నాకు అవ్వ మీద వచ్చింది.

ఆ రోజు నుంచి ఇంట్లో కంచం ముట్టడం తగ్గించాను. నాలుగు నెలలు తిరక్కుండానే బడి ప్రార్థనలో కళ్లు తిరిగి పడ్డాను. దవాఖానలో డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదన్నాడు. పిల్లకు తిండి పెట్టడం లేదా అని అందరి ముందూ అవ్వను కసిరాడు. తను పెడుతూనే ఉందని, నేనే తినడం లేదని అవ్వ చెప్పలేదు. బాపు మాత్రం పిల్ల కోలుకుంటే కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకొస్తానని మొక్కుకున్నాడు.

ఆ వారంలోనే మా ఇంట్లో కూడా ప్యాకెట్ సేమియాలు మొదలయ్యాయి. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పొయ్యి పక్కన రంగు కవరు ఉండేది. అవ్వ వెండి పొట్లం నా చేతికిచ్చేది. నేనే చింపి చల్లేదాన్ని. రెండోసారి, మూడోసారి అడిగి మరీ తినేదాన్ని. మా ఇంట్లో కూడా రోజూ ప్యాకెట్లేనని అత్త పిల్లలకు చెప్పుకుని తిరిగాను. నాలుగైదు నెలల్లో బుగ్గలు వచ్చాయి, పరుగెత్తడం వచ్చింది.

ఒక మధ్యాహ్నం బడి తొందరగా వదిలితే ఇంటికి వచ్చాను. దండెం మీద బాపు చొక్కా పక్కన ఆ రంగు కవరు కడిగి ఆరేసి ఉంది. అంచున కాలిన మరక చూసి గుర్తుపట్టాను. రోజూ పొయ్యి పక్కన కనిపించే కవరు అదే. లోపల అవ్వ రోట్లో ఎండిన మునగాకు, నువ్వులు, ధనియాలు, ఎల్లిపాయ నూరుతోంది. ఆ పొడిని పాత వెండి పొట్లంలో నింపి, అన్నం మెతుకులతో మూతి అంటిస్తోంది. సేమియాలేమో ఎండాకాలం మంచం మీద గుడ్డ పరిచి ఆరబెట్టుకున్న గోధుమ సేమియాలు, తన వేళ్లతో పేనినవి. కవరు, రోజుకో పొట్లం మా అత్త ఇంటి వెనక చెత్తలోంచి ఏరుకొచ్చానని అడిగితే చెప్పింది.

నేను రచ్చ చేశాను. ఎంగిలి కవరులో పెట్టావని, మోసం చేశావని అరిచి, ఆ సాయంత్రం వండి పెట్టిన కంచం నేలకు కొట్టాను. అవ్వ కింద పడ్డవి ఎత్తి పారేసి, ఇంకో కంచంలో మళ్లీ వడ్డించింది. "తిట్టుకుంటనన్న తిను బిడ్డా. నువ్వు లేసి నిలబడాలె. నాకు గదే కావాలె" అంది. ఆకలేసి తిన్నాను. అప్పటి నుంచి కవరు లేకుండానే వండింది, నేను తిన్నాను. బయట ప్యాకెట్ల గొప్పలు మాత్రం మానలేదు.

మొక్కు తీర్చడానికి అందరం కొండగట్టు వెళ్లాం. దర్శనం అయ్యాక కొండ కింద చెట్ల నీడన మూడు రాళ్లు పెట్టి అవ్వ అందరికీ వండింది. పచ్చిపులుసు రెండోసారి పోయించుకుంటూ అత్త గట్టిగా, చుట్టాలందరూ వినేలా అంది: "ఏం వదినె, గిప్పుడన్న ఒప్పుకుంటవా? నా ఇంట్ల చూసి ప్యాకెట్లు కొనవట్టే, పొల్లకు రక్తం పట్టె. నీ గట్కను నమ్ముకుంటే గీ మొక్కు తీరేదా?"

ఎవరో నవ్వారు. అవ్వ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అత్త నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పవే కోడలా, ఏం తిని గిట్లయినవ్? నా ప్యాకెట్లు తినే కదా?"

అవ్వ నన్ను చూసింది. చెప్పమనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపులో. చెప్తే అత్త పిల్లలు ఏమంటారో నాకు తెలుసు. ఉత్త కవరుకు మోసపోయిన పిల్లనని కాలనీ అంతా చెప్పుకుంటారు. నేను అవునన్నట్టు తలూపాను.

"అట్లనే కావచ్చమ్మా. పిల్ల మంచిగయితే సాలు" అని అవ్వ అత్త విస్తట్లో ఇంకాస్త అన్నం పెట్టింది. ఇంటికి వచ్చాక కూడా నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. అత్త ఉంది. మొన్న ఒక పెళ్లిలో కూడా కొత్త కోడళ్లను కూర్చోబెట్టుకుని నా కథ చెప్పింది, తన ప్యాకెట్లే నన్ను బతికించాయని. నేను ఆమెతో మాట్లాడి ముప్పై ఏళ్లు దాటింది. ఇంత మొండితనం ఎందుకని చుట్టాలు అడుగుతారు. చెంచాడు సేమియాల సంగతి చెప్తాను. అది నిజమే, కానీ సగమే.

ఏటా ఎండాకాలం నేను సేమియాలు పేనుతాను. దుకాణంలో దొరికేవాటికి ఈ వయసులో వేళ్లు నొప్పి చేసుకోవడం ఎందుకని నా కోడలు విసుక్కుంటుంది. మునగాకు ఎండబెట్టి, నువ్వులతో నూరి, స్టీలు డబ్బాలో పోస్తాను. నా మనవలు అడిగి తింటారు. ఏం తింటున్నారని ఎవరైనా అడిగితే గట్టిగా చెప్పమని వాళ్లకు నేర్పాను. మా నానమ్మ చేసింది అని చెప్తారు. విన్న ప్రతిసారీ ఆ కొండ కిందే ఉంటాను. "మా అవ్వ చేసింది తిని" అంటే అయిపోయేది. అవ్వ గరిటె పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉండె.