పూడ్చిన గుంట

ఫహీమ్ రోజూ ఏలూరులో పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్తాడు. అక్కడ ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాడు.

2009లో అతని విద్యార్థిని ఉషశ్రీ, ఆమె స్నేహితులు కలిసి ఒక హెల్మెట్ చేశారు. నుదుటి దగ్గర బుల్లి తెర. బండి ఎంత వేగంతో పోతోందో కంటి ముందే కనిపిస్తుంది. ఆ తెర పట్టడానికి లోపలి థర్మోకోల్ కాస్త తొలిచారు. కింద పడితే తలకు ఏమవుతుందో కంప్యూటర్లో తేల్చే పని ఫహీమ్ తీసుకున్నాడు. హెల్మెట్ బొమ్మను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, నేలకేసి కొట్టినట్టు లెక్క కట్టించాలి. తొలిచిన గుంట దగ్గరకు వచ్చేసరికి గడులు మెలిపడి లెక్క ఆగిపోయేది. కాలేజీలో విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శన ముంచుకొచ్చింది. బొమ్మలో గుంట పూడ్చేసి నడిపాడు. అంతా నీలం వచ్చింది. నీలమంటే క్షేమం.

"మరి గుంట మాటేంటండీ సార్?" అంది ఉషశ్రీ.

"అంత చిన్నదానికి ఏమవుతుందమ్మా."

ప్రదర్శనలో హెల్మెట్‌కి బహుమతి వచ్చింది. ఆ హెల్మెట్ పెట్టుకుని ఆమె తండ్రి జగ్గారావు ఉండిలో చేపల చెరువుల మీదికి వెళ్తున్నాడని తర్వాత తెలిసింది. ఫహీమ్ తంటాలు పడి, గుంటను ఉన్నదున్నట్టు ఉంచి మళ్ళీ లెక్క కట్టాడు. నుదురంతా ఎరుపు.

ఆదివారం ఉండి వెళ్ళాడు. జగ్గారావు చెరువు గట్టు మీదే ఎదురొచ్చి బండి ఆపాడు.

"రండి మాస్టారూ! దీంతో నన్ను చూసి మా వాళ్ళంతా విమానం తోలుతున్నావా అంటున్నారండీ."

"అది పెట్టుకోకండి. పడితే ఆ తెర నుదుట్లో దిగుతుంది."

"కంప్యూటరు ఒప్పుకుందన్నారు కదండీ?"

"ఒప్పుకోలేదండీ. నేనే ఒప్పించాను."

జగ్గారావు మెల్లగా హెల్మెట్ తీశాడు. నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది ఫహీమ్‌కి. ఆయన తిట్టలేదు.

"బోండాం కొట్టించమంటారా?" అన్నాడు. హెల్మెట్ బండి హ్యాండిల్‌కి తగిలించి, "మా అమ్మాయికి చెప్పారా అండీ?"

"లేదండీ."

"మిగతా పిల్లలకి? మీ మాట మీద వాళ్ళూ తలోటి చేసుకున్నారంట."

ఫహీమ్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే, కాలేజీకి ఇంత దూరంలో, ఒక్క మనిషితో చెప్పి బయటపడదామని వచ్చాడు.

సోమవారం క్లాసులో రెండు బొమ్మలూ గోడ మీద చూపించాడు. నీలం ఎలా వచ్చిందో చెప్పాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉషశ్రీ నవ్వలేదు. తప్పు తనదైనట్టు తల వంచుకుంది. గుంట మాటేంటని ఆ రోజే అడిగింది ఆమేనని ఫహీమ్ అందరికీ చెప్పాడు.